తువ్వాలు కింద రాజుగారి చెయ్యి

ఒకానొక కాలంలో మొగలిసీమ అనే బుల్లి రాజ్యం ఉండేది. ఎంత బుల్లిదంటే, రాజుగారు గట్టిగా తుమ్మితే పొరుగు రాజ్యం వాళ్ళు "చిరంజీవ" అనేవారట. దానికున్న ఆస్తల్లా ఒక పెద్ద చెరువు. తూము తెరిస్తే పంట, మూస్తే పస్తు.

ఏటి అవతలి రాజ్యాలన్నీ కలిసి మహాకూటమి కట్టాయి. "మీరూ కలవండి. మీ రాజుకు మా సభలో దంతపు పీట వేస్తాం. తూము తాళం మాత్రం మా దగ్గరుండాలి" అని కబురు పంపాయి. కీర్తిధర మహారాజుకు పీట వినిపించింది గానీ తాళం వినిపించలేదు.

విదూషకుడు తిప్పనకు మాత్రం తాళమే వినిపించింది. అతని అన్నదమ్ముల పొలాలు చెరువు కింద చివరి మడులు. నీళ్ళాగితే ముందు ఎండేవి అవే. ఊరికే పీట వేసేవాడు కూర్చున్నాక ఏం వడ్డిస్తాడోనని అతని అనుమానం. సంతలో, రేవులో జనం గొణుక్కునేదీ అదే. రాజుగారి ఎదుట మాత్రం ఎవరూ నోరు మెదపరు.

రాజు కోట ముందు జనాన్ని పోగుచేయించాడు. చుట్టూ బల్లేలతో భటులు.

"కూటమిలో కలవడం ఇష్టం లేనివాళ్ళు ఒక అడుగు ముందుకు రండి!"

ఒక్క కాలూ కదలలేదు.

"చూశావా తిప్పనా! అందరికీ సమ్మతమే" అని రాజు మీసం దువ్వాడు.

"మహాప్రభో, ఇదే పద్ధతిలో నన్నూ ఒకటి అడగనివ్వండి."

"అడుగు, అడుగు."

తిప్పన గొంతెత్తాడు. "రేపటినుంచి రాజుగారిని దింపి ఆ సింహాసనం మీద నేను కూర్చుంటాను. ఇష్టం లేనివాళ్ళు ముందుకు రండి!"

ఎవరూ రాలేదు. మహామంత్రి నాగదత్తుడు కూడా బల్లేల వంక ఓరగా చూసి ఉన్నచోటే ఉండిపోయాడు.

రాజు ముఖం కందగడ్డలా అయింది. "నువ్వు కూడానా మంత్రీ!"

"ఆయన్ననకండి ప్రభూ" అన్నాడు తిప్పన. " మీరడిగింది మనుషుల్ని కాదు, బల్లేలను. రేపటిదాకా గడువివ్వండి. అసలు మాట మీ చేతిలో పెడతాను. పెట్టలేకపోతే నా తల తీయించండి."

మర్నాడు పశువుల సంత. అక్కడ బేరగాళ్ళు పక్కవాడికి తెలియకుండా తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. తిప్పన ఒక తెర కట్టించి, వెనకాల రాజును కూర్చోబెట్టాడు. చెయ్యి మాత్రం బయటికి పెట్టించి తువ్వాలు కప్పాడు. పచ్చల ఉంగరం తీయనని రాజు మొండికేస్తే, రాయి లోపలికి తిప్పించాడు.

"తెర వెనక ఉన్నది బేరగాడు. మిమ్మల్ని చూడడు. కూటమి కావాలంటే ఒక వేలు పట్టుకోండి. వద్దంటే పిడికిలంతా నొక్కండి" అని జనానికి చెప్పాడు.

ఇక నొక్కారు చూడండి! కాయలు కాచిన చేతులు, గాజుల చేతులు, కమ్మరి చేతులు. ఒక ముసలమ్మయితే చెయ్యి పిండేసింది.

"నాయనా, నలుగురితో కలిస్తే మంచిదే. కానీ తాళం ఎవడి దగ్గరుంటే చెరువు వాడిది. రాజుకీ మాట చెప్పే మగాడే లేడా?"

తెర వెనక రాజు తల వంచుకున్నాడు. మొదటిసారి అతనికి తాళం వినిపించింది.

సాయంత్రానికి చెయ్యి బూరెలా పొంగింది.

"వేలు పట్టుకున్నవాడు ఒక్కడే తిప్పనా. అతని చేతికి అత్తరు వాసన వేసింది" అన్నాడు రాజు. నాగదత్తుడు గబుక్కున చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"తాళం మా దగ్గరే ఉంటుంది. ఒప్పుకుంటే కలుస్తాం" అని రాజు అప్పటికప్పుడు కూటమికి కబురంపాడు. ఆపైన పకపకా నవ్వి, "నా కళ్ళు తెరిపించావయ్యా. ఇదిగో, ఈ ఉంగరం నీది!" అన్నాడు.

లాగితే ఉంగరం రాలేదు. వాచిన వేలికి బిగుసుకుపోయింది.

"పర్వాలేదు ప్రభూ" అంటూ తిప్పన ఆ పక్కనే చతికిలబడ్డాడు. "ఇస్తామన్నది చేతికొచ్చేదాకా నమ్మకూడదని మీ ప్రజలే నేర్పారు. వాపు దిగేదాకా ఇక్కడే ఉంటాను."

రాజు వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు.

వాపు దిగింది. ఉంగరం తిప్పన వేలికెక్కింది. కూటమి నుంచి జవాబు మాత్రం ఇప్పటికీ రాలేదట.