పెనుగాలి కొత్త ఆల్బం, గోనెపేట తీర్పు

లోకంలో తెలివికి ఎక్కడైనా కొరత ఉందేమో గానీ గోనెపేటలో మాత్రం లేదు. ఈ మాట గోనెపేట వాళ్ళే చెబుతారు. ఇంకెవరూ చెప్పరు కాబట్టి వాళ్ళే చెప్పుకోవాలి మరి.

గోనెపేట అంటే జూట్ మిల్లు గోడని ఆనుకుని ఉన్న రెండు వీధులు. మిల్లుకి తాళం పడి తొమ్మిదేళ్ళయింది. తాళం వేసి ఊరు దాటిపోయినవాణ్ణి లోకం తెలివైనవాడంది. ఆ తాళం ముందు టెంటు వేసుకుని రెండు వందల రోజులు కూర్చున్నవాళ్ళని తెలివితక్కువ వాళ్ళంది. లోకానికేం, ఎన్నైనా అంటుంది, దాని కడుపేమన్నా కాలిందా!

"కూకోమన్నారు, కూకున్నాం. లెగమని ఎవులూ సెప్పనేదు కదేటి!" అంటాడు తవిటయ్య. ఇందులో తప్పు పట్టండి చూద్దాం.

ఈ తవిటయ్యకి అరవై నాలుగేళ్ళు. పెనుగాలి అభిమాన సంఘానికి అధ్యక్షుడు. పెనుగాలి అంటే విశాఖపట్నం కుర్రాళ్ళు పెట్టిన రాక్ బ్యాండు. జుట్లు విరబోసుకుని గిటార్లు పట్టుకుని, పెంకులు లేచిపోయేలా పాడతారు. అరవై దాటిన మిల్లు కూలీలకి రాక్ బ్యాండు పిచ్చేమిటని పక్క ఊళ్ళో నవ్వుతారు. నవ్వేవాళ్ళకి తెలియనిదేమిటంటే, నలభై ఏళ్ళు మగ్గాల మధ్య నిలబడిన చెవులవి. హరికథ పెట్టినా, రేడియో పెట్టినా, పెళ్ళాం తిట్టినా వాటికి గాలి కదిలినట్టే ఉంటుంది. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడం కూడా మగ్గాల మీదుగా అరుచుకున్నట్టే. ఈ భూమ్మీద వాళ్ళకి వినబడే పాట పెనుగాలి పాటొక్కటే. అంతే, అభిమాన సంఘం పెట్టేశారు.

టెంటు వేసిన నూట పద్నాలుగో రోజున ఆ కుర్రాళ్ళు మొదటిసారి వచ్చారు. పాడేవాడి పేరు మోజెస్. టెంటులో ఉన్నవాళ్ళ పేర్లన్నీ అడిగి రాసుకుని, వాటితోనే పాట కట్టి పాడాడు. సూరప్పడి పేరు వచ్చింది, సూరప్పడు ఏడ్చాడు. జగ్గులు పేరు వచ్చింది, జగ్గులు మీసం దువ్వాడు. తవిటయ్య పేరు రాబోయేసరికి ఇంకేముంది, కరెంటు పోయింది!

మిగతావాళ్ళకి అది నవ్వులాట. తవిటయ్యకి కాదు. పదహారేళ్ళు బదిలీ కూలీగా బతికాడతను. ఆ పూట పనికి రాకుండా మానేసినవాడి బదులు లోపలికి వెళ్ళేవాణ్ణి బదిలీ అంటారు. రోజూ తెల్లారేసరికి గేటు ముందు నిలబడాలి. గుమాస్తా పేర్లు పిలుస్తాడు, పిలిచినవాడి చేతిలో నెంబరున్న టోకెను పెట్టి లోపలికి పంపుతాడు. పిలిస్తే ఆ పూట అన్నం, పిలవకపోతే ఇంటికి. అలా పదహారేళ్ళు పేరు కోసం చెవులు రిక్కించిన మనిషికి పాటలో కూడా పేరు అందలేదు. "మళ్ళీ వచ్చినప్పుడు నీ పేరుతోనే మొదలెడతా తాతా," అని చెవి దగ్గర అరిచి వెళ్ళాడు మోజెస్.

కుర్రాడు పెద్దవాడయ్యాడు. బ్యాండు పెద్దదయింది. ఈలోగా తవిటయ్య ఎడమ చెవి పూర్తిగా మూసుకుపోయింది. కుడి చెవి కూడా ఈ ఏడాది దాటదని డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. ఆ చెవి మూతపడేలోపు పాటలో తన పేరు వినాలి. తవిటయ్య కోరికల్లా అదొక్కటే.

అలాంటి సమయంలో మోజెస్ దగ్గర్నుంచి పార్సిల్ వచ్చింది. అందులో ఒక చిన్న పాటల పెట్టె, ఒక ఉత్తరం.

సంఘం మొత్తం తవిటయ్య ఇంట్లో చేరింది. మొత్తం అంటే పదకొండు మంది. సంఘానికి కార్యదర్శి సూరప్పడు. వేలు పెట్టి చదవగలడు. చదివాడు.

"ఇది మా కొత్త ఆల్బం. అందరికంటే ముందు మీకే పంపుతున్నాం. తలుపులు మూసుకుని, కళ్ళు మూసుకుని, అయిపోయేదాకా లేవకుండా వినండి. పెట్టెకి ఉన్న మీట నొక్కితే చాలు. విన్నాక ఉన్నదున్నట్టు చెప్పండి. మీరు బాగుందంటే మొదటి కచేరీ మీ మిల్లు గేటు ముందే."

"ఇన్నారా! మనం బాగుందంటేనేనట!" అన్నాడు జగ్గులు. "మన తెలివి వాళ్ళకి తెలుసు మావా."

"తెలివున్నోళ్ళం కాబట్టి సెప్పింది సెప్పినట్టు సెయ్యాల," అన్నాడు తవిటయ్య. "ముందు తలుపులు."

జగ్గులు లేచి వీధి తలుపు మూసి గడియ పెట్టాడు. పెరటి తలుపు మూశాడు. బీరువా తలుపు మూశాడు. కోళ్ళ గూడు తలుపు మూశాడు, కోళ్ళు బయటే ఉన్నాయి పాపం. కిటికీలోంచి చూసి, "ఎదురింటి తలుపు తీసుంది మావా," అన్నాడు. అంతే, గడియ తీసి వెళ్ళి ఎదురింటి తలుపుకి బయట గొళ్ళెం పెట్టి వచ్చి, మళ్ళీ గడియ పెట్టాడు. లోపల ఇద్దరున్నారు. ఉంటే ఉన్నారు, ఉత్తరంలో మనుషుల సంగతి రాయలేదు కదా.

"ఇప్పుడు కళ్ళు."

అందరూ కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి తవిటయ్యకి అనుమానం వచ్చింది. "ఒరే సూరప్పడా, మీట నొక్కినావేట్రా?"

"నేదు బావా. కళ్ళు మూసుకున్నాను కదా."

"తెరిసి నొక్కకు మరి! మళ్ళీ తప్పయిపోద్ది."

సూరప్పడు కళ్ళు మూసుకునే దేకుకుంటూ వంటింటి గట్టు దగ్గరికి చేరాడు. ఆ ఇంట్లో ప్లగ్గులున్న కరెంటు బోర్డు అక్కడొక్కటే. పాటల పెట్టె అక్కడే పెట్టారు. పక్కనే తవిటయ్య భార్య పైడమ్మ పల్లీ పచ్చడికి అన్నీ వేసి ఉంచిన మిక్సీ ఉంది. కొత్తిమీర మర్చిపోయి బజారుకి వెళ్ళిందావిడ. సూరప్పడి చేతికి మీట తగిలింది. తిప్పాడు.

ఇంకేముంది! గుర్రుమని మిక్సీ లేచింది.

"ఓరబ్బా! మగ్గం! అచ్చు మన మగ్గమే!" అని జగ్గులు భోరుమన్నాడు. "ఇనబడతంది బావా, నాకు ఇనబడతంది!" అని సూరప్పడు వెనక్కి పాకాడు. తవిటయ్య కుడి చెవి అటు తిప్పి కూర్చున్నాడు. పేరు ఇంకా రాలేదు. వస్తుంది, మొదటి పాటే కదా.

పల్లీలు పొడయ్యాయి. పొడి ముద్దయింది. ముద్ద గిన్నెకి పట్టేసింది. మిక్సీ మూలగడం మొదలుపెట్టింది.

"గొంతు మార్చినాడు," అన్నాడు జగ్గులు. "బాధ పెట్టి పాడతన్నాడు."

కాసేపటికి కమురు వాసన వచ్చింది. "పాటలో వాసన కూడా పెట్టినారర్రా! గోదాంలో జనపనార అంటుకున్నప్పుడు ఇదే వాసన." అందరూ ముక్కులు ఎగబీల్చారు. దగ్గారు. మెచ్చుకున్నారు. ఇంతలో టప్పుమంది. మిక్సీ ఆగిపోయింది, పొగ మాత్రం ఆగలేదు.

"మొదటి పాట అయిపోనాది," అన్నాడు సూరప్పడు.

తర్వాత ఏ చప్పుడూ లేదు. అసలు పాటల పెట్టె మీట ఎవరూ నొక్కలేదు కాబట్టి ఉండదు. కానీ లేవకూడదు, కళ్ళు తెరవకూడదు. పావుగంట గడిచింది.

"రెండో పాట శానా నెమ్మది," అన్నాడు ఒకడు.

"నెమ్మదేటి, నాకసలు ఇనబడ్డం నేదు. మొదటి ఆల్బంలో ఇలాటి పాట ఉందేటి? పేరొచ్చాక పద్ధతి మారిపోనాది," అని జగ్గులు కస్సుమన్నాడు.

"నీకేటి తెలుసు? మిల్లు మూశాక ఎలాగుందో అదే పాడతన్నారు. మగ్గం, మంట, ఆ తరవాత ఇది," అన్నాడు తవిటయ్య.

నిజంగానే మిల్లు మూశాక అలాగే ఉండేది. పదకొండు మంది ముసలివాళ్ళు ఆ లేని పాటని కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు విన్నారు.

పైడమ్మ కొత్తిమీర పట్టుకుని వచ్చేసరికి ఇంటికి గడియ, కిటికీలోంచి పొగ. ఎదురింటి వాళ్ళు లోపల్నుంచి గోల. తలుపు మీద రెండు చేతులతో బాదింది.

"మూడో పాట! డప్పు పడింది!" అన్నాడు సూరప్పడు.

"ఓరి సూరప్పడా! సచ్చినారేట్రా లోపల! ఓరి జగ్గులూ, తలుపు తియ్యి!"

నలభై ఏళ్ళు మిల్లులో దారం వడికే ఖాతాలో పనిచేసిన గొంతు. మర శబ్దాన్ని దాటి పిలవడం అలవాటైన గొంతు. అది ఆ చెవుల్లోకి కూడా దూరింది.

"నా పేరు!" అని సూరప్పడు ఎగిరాడు. కూర్చునే ఎగిరాడు, లేవకూడదు కదా.

"నా పేరూ వచ్చీసింది! ఆడమనిషి సేత పాడించినార్రా. తిట్టు కూడా రాగంలో తిడతంది!" అన్నాడు జగ్గులు.

తవిటయ్య కుడి చెవి చప్పుడు వైపు తిప్పాడు. ఇప్పుడు వస్తుంది. ఇదిగో వస్తోంది.

"ఓ బంగారి నాన్నా! తలుపు తియ్యవేటి!" అని కేక వేసింది పైడమ్మ. వాళ్ళ పెద్దకూతురు బంగారి. పెళ్ళయిన నలభై రెండేళ్ళలో ఆవిడ మొగుడి పేరు నోటితో పలికింది లేదు. పలకకూడదు కాబట్టి పలకలేదు.

"బంగారి నాన్న ఎవుడ్రా?" అన్నాడు జగ్గులు. "మన టెంటులో అలాటోడు ఎవుడూ నేడు కదేటి!"

తవిటయ్య ముఖం వాడిపోయింది. అందరి పేర్లూ వచ్చాయి. మళ్ళీ తనదే లేదు. ఎవడో బంగారి నాన్నట, వాడెవడో పుణ్యాత్ముడు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారాయి.

బయట జనం పోగయ్యారు. రోకలి తెచ్చారు. రోకలి పట్టుకున్నవాడు ఆఖరిసారి పిలిచి చూడమన్నాడు. పొగ ఎక్కువైంది. పైడమ్మ ఆచారం, మర్యాద అన్నీ కొంగుతో దులిపేసి, ఇల్లదిరేలా అరిచింది.

"తవిటయ్యా! ఓరి తవిటయ్యా!"

అంతే. తవిటయ్య రెండు చేతులూ జోడించాడు. "వచ్చింది," అన్నాడు. "నా పేరొచ్చింది. ఎంత పేమగా పిలిసిందర్రా ఆ తల్లి!"

ఆపైన రోకలి దెబ్బలకి తలుపు విరిగి పడింది. రెండు బిందెల నీళ్ళు నెత్తి మీద పడ్డాయి. "ఆఖరి పాట వానపాట," అని రాసుకోమన్నాడు తవిటయ్య. పైడమ్మ వచ్చి చెవి పట్టుకుని, అందులో నోరు పెట్టి, "నా మిక్సీ! నా తలుపు!" అని మొత్తుకుంటేనే కళ్ళు తెరిచారు.

అది మిక్సీ అని పైడమ్మ ఎంత అరిచినా చెవిన పెట్టకుండా, ఆ సాయంత్రమే సూరప్పడు ఉన్నదున్నట్టు రాశాడు. "మొదటి పాట మగ్గం పాట, వాసనతో సహా బాగుంది. రెండో పాట వినబడలేదు, అయినా అందరం ఏడ్చాం. మూడో పాటలో డప్పూ ఆడమనిషీ అద్భుతం. ఆఖర్న తలుపు విరిగింది, అందరం తడిశాం. అన్నీ బాగున్నాయి. ఒకటే మనవి. అధ్యక్షుల వారి పేరు ఆ అమ్మ రెండుసార్లే పిలిచింది. ఇంకోసారి పిలవాలి."

మోజెస్ ఆ ఉత్తరం మూడుసార్లు చదివాడట. తమ ఆల్బంలో డప్పు లేదు, ఆడమనిషి లేదు. ఉన్నది రెండు గిటార్లు, నెమ్మదైన పాటలు. కానీ బాగుందని రాశారు. ముందే మాట ఇచ్చాడు కదా. అంతే, ఆదివారం మధ్యాహ్నం వ్యాను వేసుకుని మిల్లు గేటు ముందు దిగాడు.

సంఘం ముందు వరసలో కూర్చుంది. మూయడానికి అక్కడ మిల్లు గేటు తప్ప తలుపేదీ లేదు, అది ఎప్పుడో మూసే ఉంది. కళ్ళు మూసుకున్నారు. మోజెస్ కళ్ళలో నీళ్ళు పెట్టుకుని కొత్త పాట నెమ్మదిగా పాడాడు.

"మొదలెట్టలేదేట్రా ఇంకా?" అన్నాడు తవిటయ్య.

జగ్గులు కళ్ళు తెరిచి చూశాడు. మోజెస్ నోరు కదులుతోంది. ఇంకేముంది, లేచి నిలబడ్డాడు. "ఆపండి! ఇది మా ఆల్బం కాదు! మగ్గం పాట ఏది? ఆ తిట్టే ఆడమనిషి ఏది?"

వెనక వరసలో పైడమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది.

అప్పుడు చూశాడు మోజెస్, చెయ్యి చెవి వెనక దొప్పలా పెట్టుకుని వంగి కూర్చున్న తవిటయ్యని. పెద్ద పెట్టెలన్నీ ముందు వరస వైపు తిప్పించాడు. మీటలన్నీ ఆఖరుదాకా తిప్పించాడు. గేటు మీద కూర్చున్న కాకులన్నీ ఒక్కసారి లేచిపోయేలా గిటారు మోగింది. మోజెస్ గొంతు చించుకుని మొదటి మాటే "తవిటయ్యా!" అని పిలిచాడు.

వినబడింది. నూటికి నూరుపాళ్ళు వినబడింది. తవిటయ్య ఒళ్ళంతా వినబడింది.

మిల్లు గేటు ముందు పేరు పిలిస్తే తెలివున్నవాడు ఏం చేస్తాడు? పంచె ఎగ్గట్టి లేచి, పాటకి వీపు పెట్టి, తిన్నగా గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. తుప్పు పట్టిన తాళం ముందు చెయ్యి చాపాడు, టోకెను కోసం. "సూరప్పడా!" అని పాట. సూరప్పడు వెళ్ళి అతని వెనక నిలబడ్డాడు. "జగ్గులూ!" జగ్గులూ వెళ్ళాడు. పదకొండు పేర్లు, పదకొండు మంది, గేటు ముందు వరస.

మోజెస్ పాట ఆపి పరుగెత్తుకొచ్చాడు. "తాతా, పాట ఇటు! వెనక్కి రండి!"

"పేరు పిలిసినాక వరస ఒదిలితే ఇంకోడికిచ్చీస్తారు!" అన్నాడు తవిటయ్య. "టోకెనియ్యి బాబూ."

మోజెస్‌కి ఏం చెయ్యాలో తోచక, వేళ్ళ మధ్య ఉన్న గిటారు మీటే బిళ్ళని ఆ అరచేతిలో పెట్టాడు. తవిటయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నెంబరు నేదు. నెంబరు నేని టోకెను సెల్లదు." మోజెస్ పెన్ను తీసి 'ఒకటి' అని వేశాడు. ఒంటిగంట ఎండ. పదకొండు మంది అలాగే నిలబడ్డారు. మూడయింది. పైడమ్మ వచ్చి రెక్క పట్టుకుని లాగింది. కదల్లేదు.

"మిల్లు కూత వెయ్యకుండా షిఫ్టు ఎలా దిగుతారు?" అంది చివరికి ఆవిడే. తెలివితక్కువవాడితో నలభై రెండేళ్ళు కాపరం చేసిన మనిషి కదా.

మోజెస్ గిటారు ఎత్తాడు. మిల్లు కూత ఎలా వేసేదో పైడమ్మ నోటితో వేసి చూపించింది. అదే కూత, అంత పొడుగూ, తీగ మీద వేశాడతను.

వరస కదిలింది. పదకొండు మందీ నుదుటి చెమట తుడుచుకుని, నడుములు పట్టుకుని, ఇళ్ళకి బయలుదేరారు. తవిటయ్య అరుగు మీద కూలబడి కాళ్ళు చాపాడు.

"నీళ్ళు కాగబెట్టే," అన్నాడు. "ఈయేల పని మరీ ఎక్కువైపోనాది. రేప్పొద్దున్నే లేపు, నా పేరే ముందు పిలుస్తన్నారు."