మ్యాటు మీద ముడత

"గురువుగారూ, బండి తోలేది ఒకడు కదా! పక్కన కూర్చునేవాళ్ళ గొడవ మనకెందుకండీ?"

శిష్యుడు పైడిరాజు ఈ మాట అడిగి నెలరోజులు కావస్తోంది. గాజువాక ఆటోనగర్‌లో కనకారావు మేస్త్రి కార్ల సస్పెన్షన్ పనిలో చెయ్యి తిరిగినవాడు. ఆయనకో అలవాటుంది. ఎంత ఖరీదైన కారు వచ్చినా సరే, స్పానరు ముట్టుకునే ముందు "పక్కసీట్లో ఎవరు కూర్చుంటారు?" అని అడుగుతాడు. వాళ్ళ బరువుకి సరిపడా ఇసుక బస్తాలు ఆ సీట్లో పెట్టాకే పని మొదలు. పక్క కొట్టు నాది, సీటు కవర్లు కుడతాను. ఇరవయ్యేళ్ళుగా ఈ తంతు చూస్తూనే ఉన్నాను. డిప్లొమా చదివొచ్చిన శిష్యుడికి ఇది చాదస్తంగా కనిపించిందంటే నేను తప్పు పట్టను. కనకారావు మాత్రం నవ్వి, "చూద్దాం లేరా," అని ఊరుకున్నాడు.

ఆ వారంలోనే తరుణ్ బాబు పసుపుపచ్చ కారు వేసుకొచ్చాడు. రొయ్యల వ్యాపారం వాళ్ళది. రెండే సీట్లు, అయిదొందల గుర్రాల బలం. ఇంజను మోగితే నా కొట్టు అద్దాలు గలగలలాడాయి. ముందుగా నా దగ్గర కాళ్ళకింద పరిచే కొత్త మ్యాట్లు తీసుకున్నాడు. నా చేతులతో నేనే ముడత లేకుండా పరిచాను.

"మేస్త్రీ, రాయిలా బిగించెయ్యండి. వంపుల్లో బండి ఒరగకూడదు. ఆదివారం అరకు ఘాటు రోడ్డు ఎక్కిస్తున్నాను."

"పక్కసీట్లో ఎవరు బాబూ?"

"మా నాయనమ్మ. ఎనభై దాటింది. కారు కొన్ననాటినుంచీ ఎక్కించరా, ఎక్కించరా అని ఒకటే పోరు."

ఈ వానలకి ఘాటులో ఎక్కడెక్కడ తారు లేచిపోయిందో నాకు తెలుసు. కనకారావుకీ తెలుసు. అయినా ఆయన శిష్యుడివైపు తిరిగి, "బాబు చెప్పినట్టే చెయ్యి. ఈ బండి నీదే," అన్నాడు. పైడిరాజు సంబరం చూడాలి! కారు ఎత్తు తగ్గించి నేలకి దగ్గరగా దించాడు, కుదుపులు మింగే షాకులు చివరి మెట్టు దాకా బిగించాడు. ఇసుక బస్తాల జోలికే పోలేదు. సాయంత్రానికి పైడిరాజూ తరుణూ కలిసి బానెట్ మీద చేతులేసి నొక్కారు. వెంట్రుకవాసి కదల్లేదు. ఇక చూసుకోండి, ఒకరినొకరు మెచ్చుకోవడమే సరిపోయింది.

మర్నాడు పొద్దున్న తరుణ్ నాయనమ్మను కూడా వెంటబెట్టుకొచ్చాడు. లారీల స్టాండు వెనకాల ఖాళీ మైదానానికి అందరం వెళ్ళాం. అందులో సగం నున్నగా ఉంటుంది, సగం పెచ్చులు లేచి గతుకులు. కనకారావు స్టీరింగు ముందు కూర్చుని, "రారా, పక్కన కూర్చో. బెల్టు పెట్టుకో," అన్నాడు. పైడిరాజు పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

మొదటి చుట్టు నున్నటి చోట. బండి గీత గీసినట్టు తిరిగింది. తరుణ్ చప్పట్లు కొట్టాడు. రెండో చుట్టు గతుకుల మీద. వేగం నలభై కూడా లేదు. వంపులో ఉండగా కనకారావు యాక్సిలరేటరు కొంచెం, కొంచెమే నొక్కాడు. బిగుసుకుపోయిన వెనక చక్రాలు గతుకుకి లొంగలేదు, నేల విడిచి ఎగిరాయి. మళ్ళీ నేల తాకేసరికి బండి వెనకభాగం పక్కకి విసిరేసినట్టు పోయింది. బొంగరంలా ఒక చుట్టు తిరిగి, దుమ్ములో మావైపు ముఖం పెట్టి ఆగింది.

"భలేగుందిరా! నా వంతెప్పుడు?" అంది ముసలావిడ కొంగు నడుముకి దోపుకుంటూ.

తరుణ్ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు. "ఆగు నాయనమ్మా," అన్న మాట సగమే బయటికొచ్చింది. ఘాటులో ఇలా తిరగడానికి మైదానం ఎక్కడుంటుంది?

కనకారావు దిగొచ్చి ఎడంపక్క తలుపు తీశాడు. నేను పరిచిన మ్యాటు ముందుకి జరిగి కుప్పగా ముడుచుకుపోయి ఉంది.

"నీ కాళ్ళకింద బ్రేకుందేట్రా?"

"లేదండి."

"మరేటి తొక్కావు?"

పైడిరాజు మ్యాటు సర్ది, దిగి, తిన్నగా ముసలావిడ దగ్గరికెళ్ళి, "మామ్మగారూ, మీ బరువెంతండీ?" అని అడిగాడు.

"ఇదేం అడగడంరా నాయనా! ఎత్తి చూసుకో," అందావిడ. అందరం పకపకా నవ్వాం. ఆ రోజంతా శిష్యుడు ఆ సీట్లో బస్తాలు మారుస్తూ షాకులు మెట్టుమెట్టుగా వదులు చేస్తూనే ఉన్నాడు. "వంపులో ఒరుగుతుందేమో?" అని తరుణ్ ఒకసారి గొణిగితే, "కాస్త ఒరగనీండి బాబూ. చక్రం నేలని వదలకపోతే చాలు," అన్నాడు పైడిరాజు.

సోమవారం తరుణ్ రుసరుసలాడుతూ వచ్చాడు. "ఏం బండి చేశారండీ! మొదటి వంపు దగ్గర కునుకు తీసిన మా నాయనమ్మ, అరకులో లేచి 'ఘాటు ఎప్పుడొస్తుందిరా?' అంది. నా పరువు పోయింది!"

కనకారావు శిష్యుడికి సైగ చేశాడు. పైడిరాజు వెళ్ళి, ఎడంపక్క తలుపు తీసి, వంగి చూసి వచ్చాడు. "మ్యాటు మీద ఒక్క ముడత లేదు గురువుగారూ."

"అయితే అయిదొందల గుర్రాలూ మాట విన్నాయన్నమాట," అని కనకారావు స్పానరు అందుకున్నాడు.