పంక్తి లేచేదాకా

"గురువుగారూ, జబ్బు మనిషి తనకి వచ్చిన పనే చేసుకుంటానని అడిగితే అది న్యాయం అడిగినట్టా, జాలి అడిగినట్టా?"

శేషారత్నం ఈ మాట సూరంభొట్లు గారిని అడిగింది. ఆయన గోదావరి ఒడ్డున మూడు తరాల పెళ్ళిళ్ళకి వండిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక మేస్త్రీపని అచ్యుతానికి అప్పగించి కుర్చీలో కూర్చున్నారు గానీ, మా వంటజట్టులో చివరి మాట ఆయనదే. అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పడం ఆయనకి ఎప్పుడూ లేదు. "రేపు పెళ్ళికి రా, చూద్దాం" అన్నారు.

మా జట్టుకి ఒక నియమం ఉంది. పెళ్ళివారి మొదటి పంక్తి తిని లేచేదాకా వండేవాళ్ళ నోట్లోకి ఏదీ పోకూడదు. ఉప్పు సరిపోయిందో లేదో కూడా నోటితో చూడం, వాసన పట్టి చెబుతాం. శేషారత్నానికి ఎనిమిదేళ్ళుగా సుగరు. సూది వేసుకున్నాక వేళకి తినకపోతే కళ్ళు తిరుగుతాయి. అంతకు ముందు వారం గాడిపొయ్యి వెనక రెండు ఇడ్లీలు తింటూ అచ్యుతం కంటపడింది. "రోగిష్టిదానికి పొయ్యి దగ్గర పనేమిటి? రేపట్నుంచి రాకు, ఇంటి దగ్గర కూచో" అన్నాడు వాడు, అందరి ముందూ. పాతికేళ్ళు పులుసు కాచిన మనిషిని! కూర తరుగుతూ నా చెవులతో విన్నాను. నా ముక్కలు ఒక్క తీరుగా లేవని కూడా వాడొకసారి అన్నాడు. అదీ నేను మరిచిపోలేదు.

మర్నాడు తెల్లవారగానే గురువుగారు అందరినీ పొయ్యి చుట్టూ నిలబెట్టారు. "మన నియమం గొప్పది. ఇవాళ దాన్ని గట్టిగా పాటిద్దాం. పంక్తి లేచేదాకా నోట్లోకీ, ముక్కులోకీ కూడా ఏదీ పోకూడదు. కాఫీ లేదు. చుట్టలు, కిళ్ళీలు, నస్యం డబ్బీలు ఈ బుట్టలో వేయండి" అని, ఆ బుట్ట తన కుర్చీ కిందికి లాక్కున్నారు. శేషారత్నాన్ని చూసి, "నిన్ను తీసేశారుగా, నీకు ఏ నియమమూ లేదు. నా పక్కన కూచో" అన్నారు.

ఎనిమిదింటికి గవర్రాజు చుట్ట లేక మొదటి వాయి బూరెలు మాడ్చాడు. తొమ్మిదింటికి కొబ్బరి తురిమే అన్నదమ్ములు కాఫీ లేక కొట్లాటకి దిగారు.

"నీ మొహంలా ఉంది తురుము!"

"నీ మొహంలా లేదు, సంతోషించు!"

నా సంగతి అడక్కండి. తాంబూలం లేక, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ముక్కలు ఒక్క తీరుగా రాలేదు.

పదకొండింటికి శేషారత్నం అందరూ చూస్తుండగా పెసరట్టు తెప్పించుకుని, అల్లప్పచ్చడితో తీరిగ్గా తింది. తిని, తల ఎత్తి గాలి పీల్చింది. "బాబాయ్, పులుసులో ఉప్పు పడలేదు" అంది అచ్యుతంతో, కూర్చున్న చోటి నుంచే.

అచ్యుతం గంగాళం మీదికి వంగి పీల్చాడు. గంటకోసారి నస్యం పడే ముక్కుకి అది లేక ఏమీ తెలియలేదు. మళ్ళీ పీల్చాడు, ఆవిరి కొట్టి తుమ్మాడు. అవతల ఆరు వందల విస్తళ్ళు వేస్తున్నారు.

"రత్నం, కాస్త వచ్చి చూడమ్మా" అన్నాడు గొంతు తగ్గించి.

"నేను రోగిష్టిదాన్ని కదా బాబాయ్, కూచోమన్నావుగా?"

"అన్నాను లేవే తల్లీ, తప్పయింది, రా!"

ఆవిడ చెయ్యి కడుక్కుని, కొంగు బిగించి, దోసిళ్ళతో ఉప్పు వేసి తెడ్డు తిప్పింది. ఆ వాసనకి మగపెళ్ళివారు పిలవకుండానే పందిట్లోకి వచ్చేశారు. కొట్లాడుకుంటున్న అన్నదమ్ములు కూడా నోరు మూసుకుని ముక్కులు ఎగబీల్చారు. మేమంతా పగలబడి నవ్వాం, ఆవిడ మరీను.

పంక్తి లేచాక అచ్యుతం గురువుగారి కుర్చీ దగ్గరికి వచ్చాడు. "రత్నాన్ని మళ్ళీ పనిలోకి రమ్మన్నానండీ. వేళకి తిననిస్తాను. కానీ ఒక్కరికి సడలిస్తే, రేపు ప్రతివాడూ వచ్చి నాకో నాకో అంటాడు కదండీ?" అంటూనే బుట్టవైపు చెయ్యి చాచాడు.

గురువుగారు వాడి నస్యం డబ్బీ వెతికి తీసి, ఆ చేతిలో పెట్టారు.

"ఇప్పటికే ఒకడొచ్చాడురా" అన్నారు.