తలనొప్పి చీటీ

మర్నాడే విచారణ. ఆసుపత్రి వాళ్ళు కోర్టుకిచ్చిన జవాబులో రాసిన ఒక్క వాక్యం మాత్రం జూనియర్ వకీలు ఓబులేసు గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఆ వాక్యం ఇది: రెండేళ్లలో మానసిక వైద్యుడి దగ్గరికి వచ్చిన ఇరవై ఏళ్లలోపు వాళ్ళు నలుగురే. కాబట్టి ఇకమీదట ఆయన ప్రతి బుధవారం రావలసిన పని లేదు.

ఆయన రావడం ఆపొద్దని కేసు వేసింది ఉరుకుందమ్మ. పద్దెనిమిదేళ్ల పిల్ల, పత్తి మిల్లులో కూలి. ఆ నలుగురిలో ఆమె ఒకతె. వేసవిలో ఒకరోజు బావి గట్టు మీద నిలబడి ఉంటే వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది. ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాక, ఈ రెండు నెలలుగా కంటినిండా నిద్రపోతోంది. ఆయన రావడం ఆగిపోతే ఇక జిల్లా కేంద్రానికే పోవాలి. దానికి రోజంతా పడుతుంది, మిల్లులో పని పోతుంది. ఆ పిల్ల పోదని ఓబులేసుకు తెలుసు. అందుకే అతనికి భయంగా ఉంది.

అతని సీనియర్ రహమతున్నీసా బేగం. కోర్టులో ముప్పై అయిదేళ్ల అనుభవం. ఆమె కూర్చోబెట్టి పాఠం చెప్పగా విన్న జూనియర్ ఒక్కడూ లేడు. ఏదో ఒక పని చెప్పి పంపడమే ఆమె పద్ధతి.

ఆ ఉదయం ఓబులేసు తన వాదన పదకొండు పేజీలు ఆమె ముందు పెట్టాడు. అవగాహన లేకనే పిల్లలు రావడం లేదని మొదటి పేజీలోనే తేల్చేశాడు. ఆ ముక్క మీద అతనికి కాస్త గర్వం కూడా ఉంది. బేగం మొదటి పేజీ చదివి కళ్ళజోడు తీసింది.

"ఈ రోజు బుధవారమే కదప్పా. ఆసుపత్రికి పోయి ఆ డాక్టరుకు ఓపీ చీటీ రాయించుకొని రా. నీ పేరు మీదనే."

"నాకేమైందని మేడం?"

"ఏమీ కాలేదు. చీటీ తెస్తే చాలు."

దారి పొడుగునా ఓబులేసు ఆలోచిస్తూనే ఉన్నాడు. చీటీలు రాసే వేళలు చూడమనా? వరుసలో ఎందరున్నారో లెక్కపెట్టమనా? దేనికైనా మంచిదని ఒక నోటుబుక్కు జేబులో పెట్టుకున్నాడు.

ఓపీ కిటికీకి అద్దం, ఆ అద్దానికి చిన్న రంధ్రం. పైన పిండి మిల్లులా మోగే ఫ్యాను. లోపలి గుమాస్తా మంచివాడే గానీ అరిస్తే తప్ప వినబడదు. ముందున్న పెద్దాయన మూలశంక సంగతి ఆయన వెనకున్న ఇరవై మందికీ తెలిసిపోయింది. ఓబులేసుకు నవ్వొచ్చింది. తన వెనక ఎవరో దగ్గితే తిరిగి చూశాడు. తమ వీధి చివర టీ బంకు ఆయన. వకీలు సారుకు ఏమొచ్చిందోనని తెగ ఆత్రంగా చూస్తున్నాడు. ఓబులేసు నవ్వు ఆగిపోయింది.

అతని వంతు వచ్చింది. పేరు చెప్పాడు, వయసు చెప్పాడు.

"ఏం బాధ?" గుమాస్తా అరిచాడు.

జడ్జి ముందు ఏనాడూ తడబడని నోరు అది. మానసిక వైద్యుడికి చీటీ కావాలన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. టీ బంకు ఆయన మరో అడుగు ముందుకు జరిగాడు.

తిరిగొచ్చి ఓబులేసు చీటీ బల్ల మీద పెట్టాడు. చదవమంది బేగం.

"ఓబులేసు. ఇరవై ఆరు." చీటీ మడత సరిచేశాడు. "తలనొప్పి."

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. పక్కనున్న కాగితాల కట్ట అతని ముందుకు తోసింది. జనరల్ ఓపీ రిజిస్టరు నకళ్లు అవి. తమకెంత రద్దీగా ఉంటుందో చూపించుకోవడానికి ఆసుపత్రి వాళ్ళే దాఖలు చేశారు. పేర్లు కొట్టేసి, వయసూ బాధా మాత్రం ఉంచారు. పనికిరావని ఓబులేసు మొదటి రోజే వాటిని పక్కన పడేశాడు.

ఇప్పుడు చదివాడు. పదిహేడేళ్లు, తలనొప్పి. పంతొమ్మిది, నిద్ర లేదు. పదహారు, గుండె దడ. పద్దెనిమిది, తలనొప్పి. మళ్ళీ పద్దెనిమిది, తలనొప్పి.

ఉరుకుందమ్మ చెప్పిన మాట అతనికి గుర్తొచ్చింది. మూడుసార్లు తలనొప్పి అని పోతే బిళ్ళలిచ్చి పంపారట. నాలుగోసారి ఒక నర్సు పక్కకు పిలిచి, కూర్చోబెట్టి మెల్లగా అడిగితేనే అసలు బాధ చెప్పిందట. కేసుకు సంబంధం లేని సంగతని అతను దాన్ని రాసుకోనే లేదు.

పేజీలు తిప్పుతూ పోయాడు. మధ్యలో అతనిలోని వకీలు ఊరుకోలేకపోయాడు.

"అవతలి లాయరు అడుగుతాడు మేడం. ఇవన్నీ నిజం తలనొప్పులే కావచ్చు కదా?"

"కొన్ని కావచ్చు. నీదో?"

ఓబులేసు తన పదకొండు పేజీలు దగ్గరికి లాక్కుని, 'అవగాహన లేక' అని రాసినచోట అడ్డంగా గీత కొట్టాడు. తర్వాత పెన్సిలు తీసుకుని రిజిస్టరు మొదటి పేజీ నుంచి గుర్తులు పెట్టడం మొదలుపెట్టాడు.

బేగం కళ్ళజోడు పెట్టుకుని తన పనిలో పడింది. కాసేపటికి తలెత్తకుండానే అంది.

"ఈ రోజు పేజీ నకలు కూడా అడుగు ఓబులేసూ. దాంట్లో నువ్వూ ఉండావు."