తల్లిని చూడని బేరం

అనగనగా ఒక అడవిలో ఒక నక్క అబద్ధమాడి ముళ్ళపందికి పిల్లిపిల్లను అంటగట్టిందని మీరు వినే ఉంటారు. పిల్లలూ, ఆ కథలో అడవి నిజం, నక్క నిజం. అబద్ధం మాత్రం నిజం కాదు. జరిగింది ఇది.

కంటకి అనే ముళ్ళపంది తన ఇద్దరు పసికూనలతో ఒక బొరియలో ఉండేది. పందికొక్కులు ఆ బొరియను వదిలేవి కావు. మొదట దాచుకున్న దుంపలు తిన్నాయి. తరువాత పడకగడ్డిని కొరికిపోశాయి. ఒకనాడు చిన్నకూన చెవినే కొరికాయి. ఇక ఓర్చుకోలేక కంటకి పిల్లిపిల్లను కొనడానికి అడవి సంతకు బయలుదేరింది.

దారిలో తాబేలు తాత ఆపి, "కళ్ళు చూడు. నడక చూడు. తల్లిని చూడు. ఆ తరువాతే బేరం," అంది.

సంతలో నక్క ఒక బుట్ట మూత తీసింది. లోపల మచ్చల పిల్ల! కంటకి దాని కళ్ళు చూసింది, పుసి లేదు. చెవులు శుభ్రంగా ఉన్నాయి. పొట్ట ఉబ్బి లేదు. ఎండుకాయ దొర్లిస్తే చక్కగా నడిచి, ఎగిరి పట్టుకుంది.

"పాదాలు ఇంత పెద్దవేమిటి మామా?" అని అడిగింది కంటకి.

"పెరగాల్సిన పిల్ల కదమ్మా!" అంది నక్క.

"మంచి జాతేనా?"

"ఈ అడవిలో ఇంతకు మించిన జాతి చూపించు, దీన్ని ఊరికే ఇచ్చేస్తాను."

"పందికొక్కులను పడుతుందా?"

"పట్టడం దాకా ఎందుకు? దీని వాసన తగిలితే చాలు, పారిపోతాయి."

కంటకి పొంగిపోయింది. తన దుంపల్లో సగం ఇచ్చి బుట్ట ఎత్తుకుంది.

తిరుగుదారిలో తాబేలు, "తల్లిని చూశావా?" అని అడిగింది.

"కొన్నది పిల్లను తాతా, తల్లిని కాదుగా!" అని నవ్వేసి సాగిపోయింది కంటకి.

నక్క చెప్పినట్లే పందికొక్కులు ఆ సాయంత్రమే బొరియ వదిలి పరుగెత్తాయి. కంటకి సంబరపడింది. అంతలో పిల్ల ఆకలితో అరిచింది. అది మ్యావ్ అనలేదు. ఎండుకర్రను రంపంతో కోసినట్లు గరగరలాడింది. చెట్ల మీది పిట్టలన్నీ ఒక్కసారిగా నోరు మూశాయి. కొండవైపు నుంచి అదే గరగర బదులు వచ్చింది. పిల్ల మళ్ళీ అరిచింది. ఈసారి బదులు వాగు దగ్గర వినిపించింది. మూడోసారి అరిస్తే బదులే రాలేదు. బొరియ నోటికి అడ్డంగా ఏదో నిలబడి, లోపలంతా చీకటి కమ్మింది.

చిరుతపులి!

కంటకి కూనలను వెనక్కి నెట్టి ముళ్ళు నిక్కించింది. ఆ ముళ్ళే గలగల వణికాయి.

"నా బిడ్డ," అంది చిరుత.

"కొ... కొన్నానమ్మా," అంది కంటకి.

"నన్ను అడిగి కొన్నావా?"

కంటకి పిల్లను మెల్లగా ముందుకు తోసింది. చిరుత బిడ్డను ఒళ్ళంతా నాకింది. ఆ తరువాత లోపలి కూనల వైపు చూసింది.

"ఈ బొరియ ఇన్నాళ్ళూ నా కంట పడలేదు. ఇవాళ నా నోట బిడ్డ ఉంటుంది. రేపు నోరు ఖాళీగా ఉంటుంది," అంది.

చిరుత కొండెక్కకముందే కంటకి తాను పుట్టిపెరిగిన బొరియను, మిగిలిన దుంపలను వదిలేసి, కూనలతో వాగు దాటింది. మళ్ళీ అటు తొంగిచూడలేదు.

ఆ ఏటి మార్గశిర శుద్ధ దశమి నాడు అడవికి పెద్ద అయిన ఏనుగు సభ తీర్చి నక్కను నిలదీసింది. సంతలో అది పలికిన ప్రతి మాటనూ విచారించింది. ఒక్కటీ అబద్ధమని తేలలేదు. నక్కకు శిక్ష పడింది పిల్లను ఎత్తుకొచ్చిన దొంగతనానికే.

నీతి: పిల్లిపిల్లను ఇంటికి తేవాలనుకునేవారు దాని కళ్ళూ ఒళ్ళూ చూసి ఆగిపోకూడదు, తల్లిని చూపించమని అడగాలి, చూపించనిచోట కొనకూడదు.