వంకాయలాంటి చిలక

అనగా అనగా ఓ ఊరుందిటర్రా. పద్దూ, ఇలా దగ్గరకి రావే. మధ్యాహ్నం గీసిన ఏనుగుని పరపరా చింపేసి, ఇప్పుడు మూతి ముడుచుకు కూర్చుంటే ఎలా? తమ్ముడు ఊ కొడతాడు, నువ్వు విను చాలు.

ఆ ఊళ్ళో మంగతాయని కొత్తకోడలు. వాళ్ళింటి ఆనవాయితీ ఏమిటంటే, ఆడపిల్ల పెళ్ళికి వీధిగోడ మీద చిలకల జంటని ఆ పిల్ల వదినే గీయాలి. ఆడబిడ్డ నాంచారి పెళ్ళి మాఘమాసంలో. మంగతాయికి నాంచారంటే ప్రాణం, కానీ కుంచె పట్టడమే రాదు. నీవల్ల కాకపోతే చెప్పమ్మా, పక్కింటి కోడల్ని పిలుస్తానంది అత్తగారు. ఆ మాట సూదిలా గుచ్చుకుంది పిల్లకి.

ఇక రోజూ పెరటి అరుగు మీద సున్నంతో చిలకని గీసేది. గీసి చూసేది. చూసి ఏడ్చేది. ఏడ్చి, పేడనీళ్ళతో అలికేసేది. మర్నాడు మళ్ళీ గీసేది, చూసేది, ఏడ్చేది, అలికేసేది. నిన్నటి చిలక కంటికి కనబడితేగా, ఇవాళ్టిది బాగుపడిందో లేదో తెలియడానికి! పిచ్చిపిల్ల, రోజూ మొదటిరోజే దానికి. ఊ కొడుతున్నారా, నిద్రపోయారా?

పెళ్ళి దగ్గరపడింది. ఇంక నావల్ల కాదని బట్టలు మూటకట్టుకుని పెరటిదారిన పుట్టింటికి బయల్దేరింది. పిడకల కొట్టు దాటుతుంటే లోపల్నించి భోరుమని ఏడుపు. తలుపు తోస్తే, దయ్యం! భయపడకండర్రా, ముసలి దయ్యం, పాపం పళ్ళు కూడా లేవు.

ఎందుకేడుస్తున్నావని అడిగితే, నువ్వెళ్ళిపోతే రేపు నేనేం చూసి గీసుకోవాలే అందిట. తోచక, మంగతాయి అలికేలోగా ఆ చిలకని చూసి, రోజూ బొగ్గుతో కొట్టు గోడమీద దింపుకుంటోందిట. మంగతాయి గోడకేసి చూసింది. మొదటి చిలక అచ్చం వంకాయ. వంకాయ పక్కన చెప్పు. చెప్పు పక్కన కోడిపెట్ట. కోడిపెట్ట పక్కన కాకి. ఆ కాకికి ముక్కు వంగింది, ముక్కు కింద మెడ కుదిరింది, మెడ పక్కన రెక్క అమరింది. చిట్టచివరిది చిలకే! తోక ఒక్కటే పొట్టి. అమ్మయ్య, నాకు రానిది తోకొక్కటేనా అని గుండె తేలికై నవ్వేసింది.

మరి పైవరసలో ఆ మాసిపోయిన బొమ్మలేమిటంది. అవి మీ అత్త కొత్తకోడలిగా వచ్చినప్పటివంది దయ్యం. అత్తగారి వంకాయ ఇంకా లావుగా ఉందిట!

మంగతాయి మూట విప్పేసింది. అలకడం మానేసి తోకమీదే పడింది. పెళ్ళినాడు గోడమీద చిలకల్ని చూసి నాంచారి వదినని వాటేసుకుంది. అత్తగారు చాలాసేపు చూసి, తోక నాకంటే బాగా కుదిరిందే అంది. దయ్యానికేమో పళ్ళెం నిండా బూరెలు పిడకల కొట్టుకే వెళ్ళాయి.

అంచేత గీసింది వంకరగా వచ్చినా చింపకూడదే పద్దూ, దాచుకోవాలి. ఆ ట్రంకుపెట్టె తీసి చూడు. నువ్వు చింపినవన్నీ అన్నం మెతుకులతో అతికించి పెట్టాను. ఈ ఇంటి దయ్యాన్ని నేనే! చూశావా, మొదటి ఏనుగుకి తొండమే లేదు. ఇవాళ్టిదానికి చెవులెంత ముద్దుగా ఉన్నాయో! నవ్వావూ, అమ్మయ్య. కథేమో కంచి బండెక్కింది, మనమేమో దుప్పట్లో దూరదాం. ఏనుగు కాళ్ళ సంగతి రేపు చూసుకుందువుగాని.