మౌలాలి కళ్లద్దాలు

కొండ మీది వేధశాలలో పేరిశాస్త్రి గారి పాండిత్యానికి వంక పెట్టిన వారు లేరు; పెడితే ఆయన అలవాటు ఒక్కదానికే. ప్రతి గురువారం ఉదయం టీ అయినా ముట్టకుండా కంప్యూటర్‌లో భూభ్రమణ పట్టిక తెరిచి, చివరి వరుసలోని తేదీని పైకి చదివేవారు. భూమి రోజూ ఒకే తీరున తిరగదు. ఆ తేడాలు చెప్పే పట్టిక తాజాగా ఉంటేనే టెలిస్కోపు నక్షత్రానికి సూటిగా నిలుస్తుంది. దాన్ని వారం వారం తెచ్చిపెట్టే స్క్రిప్టు, అంటే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం, ఆయన రాసిందే. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న హైమవతి ఒకనాడు ఉండబట్టలేక అడిగింది: "స్క్రిప్టు చేసే పనికి మళ్లీ మీరెందుకు సార్?"

శాస్త్రి గారు వాదించలేదు. బీరువాలోంచి పాత పరిశీలన పుస్తకం తీసి ఆమె ముందు పెట్టారు. టెలిస్కోపు నడిపే మౌలాలి అందులో నలభై రోజులు ఒకటే మాట రాశాడు: నక్షత్రం మధ్యలో లేదు, కాస్త పడమరకు ఉంది. దాని కింద ఎర్ర సిరాతో శాస్త్రి గారి రాత: మనిషి చూపు లోపం, వేరొకరిని పెట్టండి.

ఆ ఎర్ర సిరా సంగతి ఆయనే తలవంచుకుని చెప్పారు. పట్టిక దొరకనప్పుడల్లా స్క్రిప్టు ఫిర్యాదు చేస్తుంటే ఆయనకు విసుగు పుట్టింది. దొరక్కపోతే పాతదే ఉంచి, అంతా సరిగా ఉందని చెప్పమని దానికి నేర్పారు. తర్వాత ఇంటర్నెట్‌లో పట్టిక ఉండే చిరునామా మారిపోయింది. స్క్రిప్టు తొమ్మిది నెలలు నేర్పినట్టే అబద్ధమాడింది. ఈలోగా భూభ్రమణానికి సరిపెట్టడానికి లోకంలోని గడియారాలకు ఒక సెకను కలిపారు; పాత పట్టికకు అది తెలియక టెలిస్కోపు గురి తప్పింది. మౌలాలి రాయడం మొదలుపెట్టింది సరిగ్గా ఆనాటి నుంచే. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, శాస్త్రి గారు అతన్ని రెండుసార్లు మందలించి, చివరికి నీళ్ల పంపుల గదికి మార్పించారు. ఇరవై రెండేళ్లు టెలిస్కోపు నడిపిన మనిషిని.

అతని స్థానంలో వచ్చినవాడికీ నక్షత్రం పడమరకే కనిపించి, తప్పు తెలిశాక పంపుల గదికి వెళ్లి క్షమించమన్నారు. మౌలాలి కోప్పడలేదు.

"మీరు తిట్టినప్పుడల్లా కర్నూలు పోయి కండ్లు చూపిచ్చుకుంటి సార్. రెండు తూర్లు అద్దాలు మార్పిస్తి. అయినా చుక్క పక్కకే కనపడె."

మళ్లీ టెలిస్కోపు దగ్గరికి రమ్మంటే రాలేదు. తన కన్నును తనే నమ్మలేకపోతున్నానన్నాడు. 

హైమవతి ఎర్ర సిరా రాతను మరోసారి చదివింది. స్క్రిప్టులో ఆ అబద్ధపు వరుస తీసేశారా అని మెల్లగా అడిగింది.

"అది ఆ రోజే తీసేశానమ్మా," అన్నారు శాస్త్రి గారు పుస్తకం మూస్తూ. "అతను రెండుసార్లు అద్దాలు మార్చుకున్నాడు. నేను ఒక్కసారైనా పట్టికలో తేదీ చూడలేదు."